వీథి వైద్యుని ఋణము

2020 మార్చిలో కోవిడ్ వ్యాపించి దేశమంతటను తలుపులు మూయబడినప్పుడు, మన వీథి వైద్యుని మాత్రము తలుపు తెఱచియుండుమని కోరితిమి. జ్వరముతో వచ్చినవానిని కాదనిన వాని ప్రాణమునకు హాని; చేరదీసిన తన యింటికి ముప్పు. టెలిఫోనుమీద వైద్యము చేయుటకు ప్రభుత్వము ఆ మార్చి 25వ తేదీన నిబంధనలు ప్రకటించెను గాని, రొమ్ము పరీక్షింపక ఊపిరి యెట్లు తెలియును?

న్యాయవాదులము గనుక ఒక వ్యాజ్యము విన్నవించెదము. నవీముంబైలో వైద్యశాలలు మూసినచో కేసు పెట్టెదమని పురపాలకాధికారులు తాకీదులిచ్చిరి. తెఱచియుంచి, రోగము సోకి మరణించిన యొక వైద్యుని కుటుంబము 50 లక్షల రూపాయల బీమా కోరగా, ఆయనను ప్రభుత్వము పనికి పిలువలేదని 2021లో బొంబాయి హైకోర్టు త్రోసివేసెను. ఆజ్ఞాపించునపుడు లోకసేవ, పరిహారమడుగునపుడు సొంత వ్యాపారమా? నాటి చట్టములను, ఉత్తరువులను బట్టి అది పిలుపేయని 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను కోవిడ్ సేవలోనే మరణము సంభవించెనని ప్రతి కుటుంబమును సాక్ష్యముతో ఋజువు చేయవలెను.

ఆ సాక్ష్యమెవరిది? ఆ చేతిమందు పుచ్చుకొన్న మనదే. నాటి మందుచీట్లు వెదకి తీయుడు; అఫిడవిట్లు వ్రాసిపెట్టుటకు మేము సిద్ధముగా నున్నాము. ఏరు దాటి తెప్ప తగలవేసినవారమను పేరు మనకు రాకుండుగాక!