జీతం లేని పని

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమెరికాలో నీ అనుభవాలు ఓ పది నిమిషాలు చెప్పవయ్యా" అన్నారు. నేను వంతెనల ఇంజనీరుని. వంతెనల గురించి పది నిమిషాలు మాట్లాడితే మీలో సగం మంది భోజనాల పందిరి వైపు నడుస్తారు. అందుకని మా ఆవిడ పని గురించి చెప్తాను. అందులోనూ ఆవిడ జీతం లేకుండా చేసే పని గురించి.

ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఇక్కడ చదివి, అక్కడ మళ్లీ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. మేముండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర. ఆ వృత్తి వాళ్లకి అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ అని ఒక సంఘం ఉంది. ప్రతి రాష్ట్రంలోనూ దానికో చాప్టరు. టెక్సాస్ చాప్టరులో ఒక కమిటీకి మా ఆవిడ పేరిచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో వారానికో రాత్రి వంట తొందరగా అయిపోయేది. ఎనిమిదింటికి ఆవిడ ఫోను పట్టుకుని పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. పిల్లల హోంవర్కు నా నెత్తిన పడేది.

ఓ రోజు ఉండబట్టలేక అడిగాను, "దీనికి వాళ్లేమైనా ఇస్తారా?" అని.

"ఇవ్వరండీ. మనమే ఏటా సభ్యత్వం కడుతున్నాం."

"డబ్బూ మనమే కట్టి, పనీ మనమే చెయ్యాలా?"

ఆవిడ జవాబు చెప్పలేదు. మీటింగు కాగితాలు నా ముందు పెట్టి, "వీటికి వరసగా పేజీ నంబర్లు వేసి పెట్టండి" అంది. వేశాను. ఆ సంఘం కోసం నేను చేసిన మొదటి సేవ అదే.

ఆ సంఘం ఎలా పుట్టిందో తర్వాత తెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు మళ్లీ నడక నేర్పిన ఆడవాళ్లు 1921 జనవరి 15న న్యూయార్క్‌లో ఒక హోటల్లో కలిశారు. 30 మంది. భోజనం చేసి, సంఘం పెట్టుకుని లేచారు. మేరీ మెక్‌మిలన్ అనే ఆవిడ మొదటి అధ్యక్షురాలు. మొదట్లో సంఘం పేరులోనే 'మహిళల' అని ఉండేది. తర్వాత పేరు మార్చి మగవాళ్లనూ చేర్చుకున్నారు.

ఇంకో సంగతి, ఇంజనీర్లు గర్వపడాల్సింది. అమెరికాలో ఏ సంఘం సమావేశమైనా తీర్మానం ఎలా పెట్టాలి, ఎవరు బలపరచాలి, ఎవరెప్పుడు మాట్లాడాలి అన్నదానికి ఎక్కువగా ఒకే పుస్తకం వాడతారు. 1876లో అది రాసిన హెన్రీ రాబర్ట్ సైన్యంలో ఇంజనీరు. ఒక చర్చిలో సమావేశం నడపమంటే, అది కాస్తా గొడవై కూర్చుందట. ఆ సిగ్గుతో నియమాలు వెతకడం మొదలుపెట్టాడు. తుపానుకి పాడైన గాల్వెస్టన్‌కి సముద్రపు గోడ కట్టే పథకం వేసిన ఇంజనీర్లలోనూ ఆయనున్నాడు. నీళ్లని ఆపడం కంటే సభలో మాటల్ని ఆపడమే ఆయనకి కష్టమైందని నా అనుమానం.

సరే, అసలు విషయం. ఆ రోజుల్లో టెక్సాస్‌లో ఫిజియోథెరపిస్టు రోగిని పరీక్ష చేసి ఏముందో చెప్పొచ్చు. కానీ డాక్టరు చీటీ లేకుండా చికిత్స మొదలుపెట్టకూడదు. దాన్ని మార్చాలన్నది కమిటీ ప్రయత్నం. అక్కడి శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులు మాత్రమే కూర్చుంటుంది. ఆ రోజుల్లో బిల్లు కదలకపోతే మళ్లీ రెండేళ్లు ఆగాలి. అంటే ఒక పిల్లాడు ఆరో తరగతిలో ఉండగా మొదలుపెడితే, వాడు ఎనిమిదికొచ్చేసరికి మళ్లీ మొదటినుంచి మొదలన్నమాట. మా వాడి విషయంలో అక్షరాలా అదే జరిగింది.

నేను కారు నడిపి ఆవిణ్ని ఆస్టిన్ తీసుకెళ్లిన రోజులున్నాయి. మూడు గంటల పైన ప్రయాణం. అక్కడ ఒక్కో సభ్యుడి గదిలో ఐదు నిమిషాలు దొరికితే గొప్ప. చాలాసార్లు పాతికేళ్ల సహాయకుడు కాగితం తీసుకుని పంపించేసేవాడు. వద్దనేవాళ్ల మాట కూడా కొట్టిపారేసేది కాదు. నడుం నొప్పి అనుకున్నది గడ్డ కావచ్చు, విరిగిన ఎముక కావచ్చు, డాక్టరు చూడకపోతే ఎలా అని వాళ్లడిగేవారు. "అది న్యాయమైన ప్రశ్నేనండీ. మనం సమాధానం చెప్పి తీరాలి" అనేది మా ఆవిడ, తిరుగు ప్రయాణంలో.

ఈలోగా 2016లో నా కుడి భుజం పట్టేసింది. వెనక సీట్లో సంచీ అందుకోబోతే ప్రాణం పోయినంత పనైంది. చొక్కా తొడుక్కోవడమే యుద్ధం. నాకు షుగరుంది. షుగరున్నవాళ్లకి ఇది ఎక్కువగా వస్తుందట. మా ఆవిడ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫ్రోజెన్ షోల్డర్‌లా ఉంది" అంది. మరి మొదలుపెట్టు అన్నాను. "చీటీ తెచ్చుకోండి" అంది. కట్టుకున్న భార్య! "నా లైసెన్సు మీకోసం గోడమీంచి దించనండీ. చట్టం మార్చమని వాళ్ల దగ్గరికెళ్లేదాన్ని, దాన్ని ఇంట్లో తప్పితే ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అంది.

డాక్టరు అపాయింట్‌మెంటు, చీటీ, బీమావాళ్ల అనుమతి, అన్నీ అయ్యేసరికి ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ నేను కుర్చీలో కూర్చుని నిద్రపోయాను. చివరికి ఆవిడ సహోద్యోగి ఒకాయన వైద్యం చేశారు. నేను ఇంజనీరుని కదా, గట్టిగా లాగితే తొందరగా వదులుతుందని వాదించాను. నొప్పి ఎక్కువున్న దశలో గట్టిగా సాగదీయకూడదని, ఎంత నొప్పికి ఎంత సాగదీయాలో రాసున్న మార్గదర్శకాలు తెరిచి చూపించారు. ఆ సంఘంలోని ఆర్థోపెడిక్ విభాగం 2013లో తెచ్చినవి. అవీ ఎవరో ఇలాగే రాత్రుళ్లు ఫోన్లలో కూర్చుని తయారుచేసి ఉంటారు కదా అనిపించింది. వాళ్ల ఇళ్లలో హోంవర్కు ఎవరు చూశారో!

2019లో బిల్లు గట్టెక్కింది. సెప్టెంబరు 1నుంచి అమలు. చీటీ లేకుండా 10 పనిదినాలు చికిత్స చెయ్యొచ్చన్నారు, అదనపు అర్హతలున్నవాళ్లయితే 15. అంతే. నేను మిఠాయి తెచ్చాను. ఆవిడ ఒక ముక్క తిని, "పది రోజులేనండీ" అంది. కాస్త నిరాశ కనిపించింది. ఎనిమిదింటికి మళ్లీ ఫోను పట్టుకుని లోపలికెళ్లింది.

ఇదంతా ఇక్కడెందుకు చెప్తున్నానంటే, పధ్నాలుగేళ్ల క్రితం మన కార్యదర్శి గారు నాకు ఉత్తరం రాశారు. మన సంఘం ఇచ్చే ఉపకార వేతనాల దరఖాస్తులు చూసి, మార్కులూ వివరాలూ సరిచూసి పెట్టమన్నారు. తీరిక లేదని రాసి, చెక్కు పంపించాను. ఆ ఏడాది చూసేవాళ్లు దొరక్క, జూన్‌లో ఇవ్వాల్సిన డబ్బు నవంబరులో ఇచ్చారు. అప్పటికి ఇద్దరు పిల్లలు కాలేజీ మానేశారు. అందులో ఒకమ్మాయి వాళ్ల నాన్న నాకు పదో తరగతిలో పక్క బెంచీ. ఈ సంగతి నాకు కార్యదర్శి గారు చెప్పలేదు. నిన్న ఆ నాన్నే చెప్పాడు, మామూలుగా, కాఫీ తాగుతూ. నేనే కారణమని వాడికి తెలీదు. ఇప్పుడు తెలుస్తుంది. ఒరేయ్, అక్కడే ఉన్నావుగా, భోజనాల దగ్గర కనపడు.

కార్యదర్శి గారు ఈ ఉత్సవం తర్వాత తప్పుకుంటానంటున్నారు. పదిహేడేళ్లు చేశారు. రిజిస్ట్రారుకి పంపే కాగితాలు, ఆడిటు, దరఖాస్తులు, ఈ షామియానా కూడా ఆయనా, మరో ఇద్దరూ. ఆ ఇద్దరికీ డెబ్బై దాటాయి.

దరఖాస్తుల పని నాకివ్వండి. మీకు శనివారం రాత్రి తొమ్మిదయితే మాకు పొద్దున్నే. ఆ గంట నాది. ఇంకో ఇద్దరు కావాలి, ఒకరైనా ఈ ఊళ్లో ఉండేవాళ్లు కావాలి, ఎందుకంటే పిల్లల ఇంటికెళ్లి చూసిరావడం డాలస్‌నుంచి కుదరదు. మినిట్స్ మర్నాడే రాసెయ్యమని, వారం ఆగితే ఎవరేమన్నారో అందరూ మర్చిపోతారని మా ఆవిడ చెప్పి పంపింది. రిజిస్టరు ఎక్కడుందో చెప్తే భోజనానికి ముందే సంతకం పెడతాను.