రెక్క ఊగడం చూసి భయపడేవారి కోసం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హజ్‌కు, ఉమ్రాకు వెళ్లేవారికి ఇహ్రాం కట్టుకోవడం నేర్పుతున్నాం, తవాఫ్ నేర్పుతున్నాం, మినాలో తమ గుడారాన్ని ఎలా గుర్తుపట్టాలో చెబుతున్నాం. విమానం దగ్గరకు వచ్చేసరికి "బెల్టు పెట్టుకోండి" అని ఊరుకుంటున్నాం. మన నర్సింహులపేట పల్లెల నుంచి వెళ్లే పెద్దవాళ్లలో చాలామంది విమానం ఎక్కడం అదే మొదటిసారి. 1995 దాకా ముంబై నుంచి జిద్దాకు ఓడలు నడిచేవి. ఇప్పుడు శంషాబాద్‌లో ఎక్కితే ఐదారు గంటల ప్రయాణం. దువాలో గడవాల్సిన ఆ కాసేపూ కొందరు కిటికీలోంచి రెక్కనే చూస్తూ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని కూర్చుంటున్నారు. అల్లాహ్ మీద భరోసా ఉంటే చాలదా అని అడిగేవారున్నారు. భరోసా ఉన్నవారికి కూడా బీపీ పెరుగుతుంది.

తిరిగొచ్చినవారు మాతో ముందుగా చెప్పేది రెక్క ఊగడం గురించే. అది ఊగాలి. వెదురు వంగుతుంది గనుకే విరగదు, ఇదీ అంతే. బోయింగ్ 787 రకం విమానాన్ని 2010లో నేలమీదే పరీక్షించారు. ప్రయాణంలో పడగల అతి పెద్ద భారానికి ఒకటిన్నర రెట్లు మోపితే, రెక్క కొసలు సుమారు 25 అడుగులు పైకి వంగాయి. విరగలేదు. సౌదియా సంస్థ నడిపేవాటిలో ఈ రకం విమానాలూ ఉన్నాయి.

దిగే ముందు రెక్క వెనక భాగం ఊడిపోతున్నట్టు వెనక్కి జారి కిందికి వంగుతుంది, నడుమ సందులు కూడా కనబడతాయి. వేగం తగ్గినా గాలి విమానాన్ని మోయడానికే ఆ ఏర్పాటు. చక్రాలు నేలకు తగలగానే రెక్క మీద పలకలు లేస్తాయి. బరువు చక్రాల మీద పడి బ్రేకులు బాగా పట్టడానికి అవి. తేమ గాలిలో రెక్క మీద తెల్లగా లేచేది పొగ కాదు, ఆవిరి. రెక్క అంచున వేలాడే సన్నటి పుల్లలు, ఎగురుతున్నప్పుడు విమానం ఒంటిమీద చేరే కరెంటును గాలిలోకి వదిలేస్తాయి. కిటికీ అద్దంలో ఉన్న చిన్న రంధ్రం పగులు కాదు, కావాలని పెట్టిందే. ఒత్తిడిని మోసేది బయటి అద్దం. దయచేసి రంధ్రంలో కాగితం కుక్కవద్దు. ఇక వెండిరంగు పట్టీ. "ప్లాస్టరు అతికించి నడుపుతున్నారు" అని అందరూ కంగారుపడేది దీనికే. అది అల్యూమినియం టేపు. చిన్న మరమ్మతులకు నిబంధనల ప్రకారం ఇంజనీర్లే వేస్తారు.

"నానీకి ఏమీ తెలియదు" అని మనవళ్లు నవ్వుతుంటారు. అడిగి చూడండి, వాళ్లకూ తెలియదు.

అలాగని అన్నిటికీ "ఏం కాదు, కూర్చో" అనడం కూడా మాకు నచ్చదు. 1989 మార్చి 10న కెనడాలోని డ్రైడెన్‌లో ఒక విమానం రెక్కల మీద మంచు పేరుకుంది. డ్యూటీలో లేని పైలట్లు ఇద్దరు ప్రయాణికుల్లో ఉన్నారు. మంచును చూశారు, చెప్పలేదు. నడిపేవారికి తెలిసే ఉంటుందిలే అనుకున్నారు. ఎగిరిన కాసేపటికే విమానం కూలి 24 మంది చనిపోయారు. కాబట్టి మంట కనిపించినా, ఏదైనా ధారగా కారుతున్నా, అనుమానం తీరకపోయినా సిబ్బందిని పిలిచి అడగాలి. భాష రాకపోతే వేలితో చూపించినా చాలు. అడగడం నామోషీ కాదని మన ఆడవాళ్లకు మరీ మరీ చెప్పాలి.

మేము అడుగుతున్నది పెద్ద ఖర్చేమీ కాదు. హజ్‌కు బయలుదేరే వారం ముందు ఒక సాయంత్రం, రెక్క బొమ్మలు పెద్దగా వేసిన నాలుగు ఫ్లెక్సీలు, లావు అక్షరాల తెలుగు కరపత్రం. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా చదివేది తెలుగే కదా మనవాళ్లలో చాలామంది. బొమ్మలు చూపించి విడమరిచి చెప్పే పని మా ఉపాధ్యాయులం చూసుకుంటాం. ఫ్లెక్సీల ఖర్చు, దూరపు తండాల నుంచి వచ్చే ముసలివాళ్లకు ఆటో కిరాయి మీరు చూడండి.