ప్లాటినమును మోయు మసి

దీపముపై పళ్ళెము బోర్లించి కాటుక పట్టుట మన యిండ్లలో తెలియనివారు అరుదు. పళ్ళెమున కంటిన ఆ మసిని వ్రేలితో తాకినచో నెంత మెత్తగా నుండునో, చిటికెడు మసి యెంత మేర నలముకొనునో కూడ మన మెరుగుదుము. నూనెను చాలీచాలని గాలిలో కాల్చి చేయు కర్బనపు పొడి యొకటి ఆ మసికి దగ్గరి చుట్టము. మిక్కిలి విలువగల ప్లాటినమును ఇంధన ఘటములలో మోయు పని నేడు దానిపై పడినది. ఆ మోత యెట్టిదో, అందలి చిక్కేమో శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ఇంధన ఘటము బ్యాటరీకి తోబుట్టువు. బ్యాటరీ తన లోపలి సరకు తీరినంతనే నిలిచిపోవును. ఇంధన ఘటమో, వెలుపలినుండి ఉదజనిని, ఆమ్లజనిని అందించుచున్నంత కాలము విద్యుత్తు నిచ్చుచుండును. మంట లేదు, పొగ లేదు, మిగులునది నీరు. వేల్సు దేశీయుడైన విలియం గ్రోవ్ 1839లోనే పలుచని గంధకికామ్లమున ప్లాటినపు రేకులు ముంచి ఈ వింతను కనుగొనెను. వాయువు, ద్రవము, లోహము మూడును కలిసికొను చోటు విశాలముగా నుండవలెనని గూడ ఆయన గ్రహించెను. తరువాతి కథ యంతయు ఆ చోటును విశాలపరచు కథయే యనవచ్చును.

ప్లాటినము దేనికి? ఉదజనిని, ఆమ్లజనిని ఒక పాత్రలో కలిపి యుంచినను, నిప్పురవ్వ తగులనిచో అవి యేండ్ల తరబడి యట్లే యుండును. ప్లాటినము తాను ఖర్చు కాకయే వాటికి పొత్తు కుదుర్చును. ఉదజని విషయమున ఈ పని సులభము. ఆమ్లజని మొండిది. దాని అణువులోని రెండు పరమాణువుల బంధమును త్రెంచి, నాలుగు ఎలక్ట్రానులను, నాలుగు ప్రోటానులను అందించినగాని రెండు నీటి అణువులు పుట్టవు. సిద్ధాంతము ప్రకారము ఒక్కొక్క ఘటమున 1.23 వోల్టులు రావలెను. బరువు మోయునప్పుడు దక్కునవి 0.6 మొదలు 0.7 వరకు. ఈ నష్టములో పెద్దపాలు ఆమ్లజని వైపుదే.

ఇక లెక్కకు వత్తము; కాగితము, కలము చేతనున్నవారు సరిచూచుకొనవచ్చును. ఒక గ్రాము ప్లాటినమును ఘనముగా పోత పోసినచో దాని అంచు 3.6 మిల్లీమీటర్లుండును. ఆరు ముఖముల వైశాల్యమును కలిపినను ఒక చదరపు సెంటీమీటరు కాదు. లోపలి పరమాణువులకు పనియే లేదు. అదే గ్రామును 3 నానోమీటర్ల గుండ్లుగా చేసితిమనుకొందము. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. అప్పుడు వైశాల్యము 90 చదరపు మీటర్లకు పైబడును. చిన్న కుటుంబపు ఇంటి నేలయంత! ఒక్కొక్క గుండులో పరమాణువులు సుమారు తొమ్మిది వందలు. వాటిలో మూడవవంతుకు పైగా ఉపరితలముననే యుండును.

అయితే యింతటి సూక్ష్మకణములు విడిగా నిలువవు. ఒకదానినొకటి అంటుకొని మరల ముద్దయగును. అందుచేతనే మసి కావలసి వచ్చినది. ప్లాటినపు లవణపు ద్రావణమున కర్బనపు పొడిని కలిపి, ఫార్మాల్డిహైడు వంటి దానితో క్షయకరణము చేసినచో, లోహకణములు ఆ పొడిపై నెడనెడముగా కుదురుకొనును. కర్బనము ఎలక్ట్రానులకు దారి. దాని సందులు వాయువునకు దారి. ప్రోటానుల దారికై దానిపై ఒక పాలిమరు పూత. ఈ మూటిలో ఏ యొక్కటి అందకున్నను ఆ కణము వ్యర్థము. ఈ పూతను ఎలక్ట్రోడులోనికి ఇంకించు పద్ధతిని అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలవారు 1980 దశకమున సాధించిరి. అంతకుముందు చదరపు సెంటీమీటరునకు 4 మిల్లీగ్రాముల ప్లాటినము పట్టుచుండగా, 0.4 మిల్లీగ్రాములతోనే పని జరిగెను. చదరపు సెంటీమీటరునకు ఒక వాటు చొప్పున విద్యుత్తు లభించునని యెంచినచో, 100 కిలోవాట్ల కారునకు 400 గ్రాముల ప్లాటినమునకు బదులు 40 గ్రాములు చాలును. 1965లో జెమినీ–5 వ్యోమనౌక ఇంధన ఘటములతో దాదాపు ఎనిమిది దినములు భూమిని చుట్టినది. అచ్చట ఖర్చు నడుగువారు లేరు. కారు కొనువాడు అడుగును.

చిక్కిప్పుడు చెప్పవలెను. మోయు కర్బనము తానే యొక ఇంధనము గదా! ఘటమును ఆపి మరల ప్రారంభించునప్పుడు, ఉదజని యుండవలసిన అరలో గాలి చొరబడి యుండుటచే, ఆమ్లజని వైపు క్షణకాలము వోల్టేజి ఒకటిన్నర దాకా పెరుగును. అప్పుడు కర్బనము నీటితో కలిసి బొగ్గుపులుసు వాయువై పోవును. దానిపై కూర్చున్న ప్లాటినమే యీ దహనమును త్వరపెట్టుట మరింత విచిత్రము. కూర్చున్న కొమ్మను నరుకుకొను వాని చందము! అడుగు పోయిన కణములు జారి యొకటొకటిగా కలిసిపోవును. చిన్న కణములు కొంచెము కొంచెముగా కరగి, ఆ లోహము పెద్దవాటిపై చేరుట మరియొక నష్టము. ప్లాటినము బరువు తగ్గకున్నను వైశాల్యము తగ్గును. కొత్తదనమున ఎంత విద్యుత్తు వచ్చునన్న ప్రశ్నకంటె, వేల గంటల తరువాత ఎంత మిగులునన్న ప్రశ్నయే ముఖ్యమని మా అభిప్రాయము.

కర్బనమును మిక్కిలి వేడిచేసి గ్రాఫైటు స్వభావమునకు తెచ్చినచో అది తుప్పునకు తట్టుకొనును. కాని దాని నునుపైన ముఖముపై కణములు గట్టిగా నిలువవు. ఒకచోట లాభము, ఒకచోట నష్టము. ప్లాటినమునకు కోబాల్టు జతచేసినచో ఆమ్లజని మొండితనము కొంత తగ్గును. 2014లో జపానులో అమ్మకమునకు వచ్చిన టొయోటా మిరాయి కారులో వాడినది ఆ మిశ్రమమే. ప్లాటినము లేకయే ఇనుము, నత్రజని, కర్బనములతో చేసిన ఉత్ప్రేరకములు కూడ కలవు. వాటి మన్నిక ఇంకను చాలదు. హైదరాబాదు కేంద్రముగా గల లోహచూర్ణ పరిశోధన సంస్థ ఏ.ఆర్.సి.ఐ. వారు చెన్నపట్టణమున ఇంధన ఘటములకై ప్రత్యేక కేంద్రమును నడుపుచున్నారు. ఇక ఘటమునకు అందించు ఉదజనిని సహజవాయువునుండి తీసినచో బొగ్గుపులుసు వాయువు ఆ కర్మాగారము కడనే వెలువడును. నీటినుండి తీయుటకు మరల విద్యుత్తు కావలెను.