చెక్క ట్రేకు లక్క మెరుపు

సిర్గాపూర్ నుంచి నారాయణఖేడ్ పోయే దారిలో మోదుగ చెట్టు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. లక్క పురుగు బతికే చెట్లలో అదొకటి. రసం పీల్చి, ఆ పురుగు కొమ్మ మీద జిగురు పూత కడుతుంది. చెక్క సామానుకు మెరుగు పెట్టేది ఆ లక్కతోనే.

ఈ పనిలో పేరు ఏటికొప్పాకది. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడ అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని అదిమి పడతారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆపై ఎండిన మొగలాకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

గుండ్రటి పళ్ళెమైతే తరిణె ఎక్కుతుంది. మరి నలుపలకల టీ ట్రే? దానికి లక్క పెచ్చుల్ని స్పిరిట్‌లో నానబెట్టిన పాలిష్ కావాలి. ముందు చెక్క గీత వెంబడే గరుకు కాగితం పట్టండి, అడ్డంగా రుద్దితే గీతలు పాలిష్‌లోంచి కూడా కనబడతాయి. దూది చుట్టిన గుడ్డతో పలచగా పూయండి, ఆరాక మళ్ళీ పూయండి. ముసురు రోజున మాత్రం వద్దు, పూత తెల్లబారుతుంది. స్పిరిట్ కాబట్టి పొయ్యికి దూరంగా, గాలి ఆడేచోట కూర్చోండి.

ఎంత బాగా పూసినా, కాగే టీ గిన్నె నేరుగా పెడితే మచ్చ పడుతుంది. కింద ఓ గుడ్డ వేయండి.