కష్టం చేసిన ఒళ్లే, అయినా నడవాలి

(పల్లెలో వృద్ధ కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభ సంగతి చెప్పటానికి మేం ఇల్లిల్లూ తిరిగినప్పుడు చాలామంది నోట ఒకటే మాట విన్నాం. "యాభయ్యేళ్లు అరక దున్నాం, నాట్లేశాం, కోతలు కోశాం, మోపులు మోశాం. ఇంకా మాకు ఎక్సర్‌సైజు ఏందయ్యా? అదేదో పొట్టలు పెరిగిన షావుకార్లకి చెప్పుకోండి" అన్నారు. ఈ మాటలో కోపం ఉంది. ఆ కోపం న్యాయమైందే. పేపర్లలో, టీవీల్లో ఆరోగ్యం గురించి చెప్పేవాళ్లు ఎవర్ని చూసి చెప్తున్నారు? తెల్లబూట్లేసుకుని పార్కులో తిరిగే రిటైరైన ఆఫీసర్ని చూసి చెప్తున్నారు. మన పెద్దోళ్లకి రిటైర్మెంటు ఎక్కడుంది? ముఠా మేస్త్రి "ఇక నువ్వు రావద్దులే తాతా" అన్న రోజే రిటైర్మెంటు. పింఛను కాయితం చేతికొస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఆ మర్నాటి నించీ వేపచెట్టు కింద అరుగు, చుట్ట, నులకమంచం.

కోపం న్యాయమైందే గానీ, అందులో ఉన్న లెక్క తప్పు. వయసులో చేసిన కష్టం ఒంట్లో ఎక్కడో నిలవ ఉంటుంది, ముసలితనంలో అదే కాపాడుతుంది అన్నది ఆ లెక్క. మన రక్తనాళాలు ఆ లెక్క ఒప్పుకోవు. ఎందుకు ఒప్పుకోవో చెప్పటానికే ఇవాళ మైకు పట్టుకున్నాం.

ముందు మన పల్లెల్లో జనం దేనితో పోతున్నారో చూద్దాం. ఎవర్నడిగినా జ్వరమనో, టీబీ అనో, పాముకాటనో చెప్పే అలవాటు ఇంకా ఉంది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెటూళ్లలో ఏడాదిపాటు జరిగిన చావుల్ని లెక్కగట్టారు. 1,354 చావులు. ఇళ్లకి వెళ్లి ఏ బాధతో పోయారు, ఎట్లా పోయారు అని అడిగి రాసుకున్నారు. నూటికి 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే అని తేలింది. అందులో గుండెపోటుదీ పక్షవాతానిదీ దాదాపు సమాన వాటా. అంటురోగాలవి నూటికి 12. పట్నం వాళ్ల జబ్బు, ఉన్నోళ్ల జబ్బు అనుకున్నది ఇరవయ్యేళ్ల కిందటే పొలం గట్టు మీదికి వచ్చి కూచుంది.

పక్షవాతం వస్తే ఆ ఒక్క మనిషితో పోదు. ఆయన మంచాన పడితే ఆయన్ని లేపటానికీ, తుడవటానికీ ఇంకొకరు కూలి మానుకోవాలి. ఆ మానుకునేది ఎవరు? కొడుకు కాదు, కోడలు. లేదంటే పెళ్లి కాని కూతురు. కాబట్టి ముసలాయన కాలూ చెయ్యీ ఆడుతూ ఉండటమంటే ఆ ఇంటి ఆడమనిషి కూలి నిలబడటం కూడా.

ఇక అసలు పని ఎట్లా జరుగుద్దో చెప్తాం. కాలవల కింద సేద్యం చేసిన చేతులు మీవి, మీకు తేలిగ్గా అర్థమవుద్ది. గుండె మోటారు లాంటిది. దాన్నించి పెద్ద కాలవ, దాన్నించి పిల్ల కాలవలు, వాటి నించి బోదెలు. ఒంట్లో ప్రతి మూలకీ నెత్తురు వీటి గుండానే పారాలి. కాలవకి సిమెంటు లైనింగు వేసినట్టు రక్తనాళం లోపల పల్చటి పొర ఒకటి ఉంటుంది. దాని మందం ఒకే ఒక్క కణం. మనం నడిచినప్పుడు గుండె జోరుగా కొడుతుంది, నెత్తురు జోరుగా పారుతుంది. ఆ ఒరిపిడి తగిలినప్పుడు ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుని తయారు చేస్తుంది. అది నాళం చుట్టూ ఉన్న కండని వదులు చేస్తుంది. నాళం వెడల్పవుతుంది, నెత్తురు సాఫీగా పోతుంది. ఒంట్లో ఈ వాయువు చేసే పని కనిపెట్టినందుకు 1998లో ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకి నోబెల్ బహుమతి ఇచ్చారు.

వయసు మీద పడేకొద్దీ ఈ వాయువు తయారీ తగ్గుతుంది. నాళాలు ఎండలో పడేసిన పాత రబ్బరు పైపులాగా బిరుసెక్కుతాయి. గుండె కొట్టే ప్రతి దెబ్బా ఆ గోడలకి గట్టిగా తగులుతుంది. ముసలితనంలో బీపీలో పై అంకె పెరిగేది ఎక్కువగా ఇందుకే. నీళ్లు పారని కాలవలో గుర్రపుడెక్క పెరగటం మీరు చూసే ఉంటారు. రక్తనాళాల్లోనూ నెత్తురు సరిగా పారని మలుపుల దగ్గర, చీలికల దగ్గరే కొవ్వు ముందుగా పేరుకుంటుంది. రోజూ నడిచే మనిషిలో ఈ బిరుసు నెమ్మదిగా వస్తుంది. బీపీ ఉన్నవాళ్లు వదలకుండా నడిస్తే పై అంకె అయిదు నించి ఎనిమిది పాయింట్ల దాకా దిగుతుంది. ఇది చిన్న సంగతి కాదు. అట్లాగని మాత్రలు మానెయ్యమని మేం చెప్పటం లేదు. నడక మాత్రకి తోడు.

ఇప్పుడు ఆ నిలవ లెక్క దగ్గరికొద్దాం. అమెరికాలో హార్వర్డ్ అనే పెద్ద యూనివర్సిటీ ఉంది. అక్కడ చదివి బయటికొచ్చిన 16,936 మంది మగవాళ్లని ఏళ్ల తరబడి గమనించి, పాఫెన్‌బర్గర్ అనే డాక్టరు 1978లో ఫలితాలు అచ్చేశాడు. కాలేజీ రోజుల్లో ఆటల్లో కప్పులు కొట్టి, తర్వాత కుర్చీకి అతుక్కుపోయినవాళ్లకి ఆ పాత ఆట ఏమీ అక్కరకు రాలేదు. చదువుకునే రోజుల్లో ఆడకపోయినా తర్వాత నడకా పనీ అలవాటు చేసుకున్నవాళ్లకి గుండెపోట్లు తగ్గాయి. వాళ్లు దొరబాబులే, మనకీ వాళ్లకీ పోలిక లేదు. కానీ రక్తనాళాలకి కులమూ తెలవదు, డిగ్రీలూ తెలవవు. నిన్నటి కష్టం వాటికి గుర్తుండదు. ఇవాళ నెత్తురు పారిందా లేదా అన్నదే వాటికి కావాలి. డెబ్బయ్యో ఏట మొదలుపెట్టినవాడికి కూడా అవి మేలు చేస్తాయి, అందులో మోసం లేదు.

ఇక్కడ మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. అయితే ముసలితనంలో కూడా బస్తాలు మోయమంటారా, భూస్వామి చేలో వంగమంటారా అని. ఈ మాట మన శత్రువులు కూడా వాడుకోగలరు. "చూశారా, పని చేస్తేనే ఆరోగ్యం, పింఛనెందుకు" అనగలరు. అందుకని ఇది తేల్చి చెప్పాలి.

1953లో లండన్లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు సిటీ బస్సుల కార్మికుల మీద చేసిన పరిశీలన బయటికొచ్చింది. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు రోజంతా కూచునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకి 500 నించి 750 మెట్లు ఎక్కుతాడు. ఇద్దరిదీ ఒకటే కంపెనీ, ఒకటే బతుకు. కానీ గుండె జబ్బులు డ్రైవర్లకే ఎక్కువ వచ్చాయి. కండక్టరు చేసింది పనే గదా అంటారా? పనే. అయితే అది నడకా, మెట్లూ. నెత్తిన నలభై కేజీల మోపు లేదు.

డెన్మార్క్‌లో 1,04,046 మందిని చూసి 2021లో రాసిన దానిలో ఇంకో సంగతి తేలింది. సొంత ఇష్టంతో, తీరుబాటు వేళ నడిచినవాళ్లకీ ఆడినవాళ్లకీ గుండెపోటు, పక్షవాతం తగ్గాయి. కూలి కోసం బరువు పని చేసినవాళ్లకి తగ్గకపోగా పెరిగాయి. ఎందుకనేదాని మీద శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మనకి మాత్రం అది కొంత అనుభవంలో ఉన్నదే. బరువెత్తి ఊపిరి బిగబట్టినప్పుడు బీపీ జివ్వున లేస్తుంది. ఎనిమిది గంటలపాటు అది దిగదు. అలసినప్పుడు ఆగే హక్కు కూలివాడికి లేదు, మేస్త్రి కేకేస్తాడు. రాత్రి నిద్రలో ఒళ్లు తేరుకునేలోపే తెల్లారిపోతుంది. నడక అట్లా కాదు. వేగం మనది, ఆగేది మన ఇష్టం. అందుకే మేం రెండు మాటలూ కలిపే చెప్తున్నాం: ముసలాళ్లకి పింఛను కావాలి, బరువు పని నించి విడుదల కావాలి. ఆ విడుదలయిన కాళ్లతో వాళ్లు రోజూ నడవాలి.

ఎంత నడవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి కనీసం 150 నిమిషాలు. రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు. ఒక్కసారే అరగంట కానక్కర్లేదు, పొద్దున పది నిమిషాలు, మాపున పది నిమిషాలు, అట్లా అయినా సరే. ఎంత జోరుగా అంటారా? పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ కొలత. ఇన్నాళ్లూ మంచాన ఉన్నవాళ్లు ఇంటి చుట్టూ రెండు చుట్లతో మొదలుపెట్టండి. ఎండెక్కాక వద్దు. వారానికి మూడు రోజులు కుర్చీలో నించి చేతులు ఆనించకుండా పది సార్లు లేచి కూచోండి. పడిపోతామనే భయం ఉంటే గోడ పక్కన చెయ్యండి. నడుస్తుంటే రొమ్ములో నొప్పో, కళ్లు తిరగటమో, మామూలు కాని ఆయాసమో వస్తే ఆగిపోండి, డాక్టరుకి చూపించుకోండి.

డప్పు వచ్చినవాళ్లు డప్పు తియ్యండి. అడుగు వేస్తూ పావుగంట కొడితే నడకకేం తీసిపోదు. ఒకనాడు వెట్టిగా కొట్టించుకున్న డప్పే అది, ఇవాళ మన ఇష్టానికి మనం కొట్టుకుంటున్నాం.

నడుస్తుంటే పిక్క పట్టేసి, నిలబడితే రెండు నిమిషాల్లో వదిలేసి, మళ్లీ నడిస్తే మళ్లీ పట్టేసే బాధ కొందరికుంది. దాన్ని మనం వాతం అని వదిలేస్తున్నాం. అది కాలి రక్తనాళాలు మూసుకుపోతున్న గుర్తు కావచ్చు, చూపించుకోవాలి. ఈ జబ్బుకి నడకే పెద్ద మందు. నొప్పి గట్టిగా వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. మూడు నెలలు వదలకుండా చేస్తే ఆగకుండా నడిచే దూరం పెరుగుతుంది. అయితే నోట్లో చుట్ట ఉంటే ఈ కష్టమంతా గంగపాలే. చుట్ట, బీడీ నాళం లోపలి పొరనే కాలుస్తాయి. పచ్చడిలో ఉప్పు గురించి ఇంకో సభలో మాట్లాడదాం, ఇవాళ అమ్మలు మమ్మల్ని కొట్టేట్టున్నారు.

షుగరు ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా నడవొద్దు. షుగరుకి పాదంలో స్పర్శ పోతుంది, ముల్లు దిగినా తెలవదు, కాలికి నెత్తురు తక్కువైతే పుండు మానదు, చివరికి కాలే తీసేస్తారు. ఇది చెప్పేటప్పుడు మాకు కడుపు రగులుతుంది. ఊరందరికీ చెప్పులు కుట్టిపెట్టిన చేతులు మనవి. ఊరి వీధిలోకి వస్తే చెప్పులు చేతబట్టుకుని నడిచిన తరం ఇంకా ఈ సభలో కూచునుంది. మీరు కాలికి చెప్పులేసుకుని, నడివీధిలో నిమ్మళంగా నడవండి.

ఎక్కడ నడవాలి అని ఒకమ్మ అడిగింది. అసలు ప్రశ్న అదే. ఊళ్లో సిమెంటు రోడ్డు, పల్లెలో బురద. ఊళ్లో దీపాలు, గూడెంలో చీకటి. కేరళలోని వైకోంలో 1924లో సత్యాగ్రహం జరిగింది గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసమే. నడవటానికి కూడా మనకి పోరాటం కావాల్సొచ్చింది. ఇప్పుడైనా గ్రామసభలో అడుగుదాం: పల్లె నించి బస్టాండు దాకా గుంతల్లేని బాట, దానికి దీపాలు, మధ్యలో ముసలాళ్లు కూచోటానికి రెండు సిమెంటు బెంచీలు. "పనీపాటా లేక తిరుగుతున్నారు" అని నవ్వేవాళ్లుంటారు, ముఖ్యంగా ఆడవాళ్లని చూసి. పదిమంది కలిసి బయల్దేరితే ఎవడూ నవ్వలేడు. ఈ పని కుర్రకారుది, సంఘాల వాళ్లది. వాడకొక జట్టు కట్టండి, కళ్లు ఆననివాళ్లకి తోడు నడవండి.

కుర్రాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. మూతి ఒక పక్కకి వంకరపోయినా, ఒక చెయ్యో కాలో ఒక్కసారిగా పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం. అప్పుడు ఆకు పసరనీ, పావురం నెత్తురనీ తిరగొద్దు. వెంటనే 108కి ఫోను చెయ్యండి. నాళంలో అడ్డంపడ్డ గడ్డని కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, అదీ స్కానింగు ఉన్న ఆస్పత్రిలోనే ఇస్తారు. కాసేపటికి దానంతటదే తగ్గినా ఇంట్లో కూచోవద్దు, అది పెద్ద దెబ్బకి ముందు వచ్చే హెచ్చరిక.

బీపీ చూడటం, మాత్రలివ్వటం సర్కారు ఆస్పత్రిలో ఊరికే చేస్తారు. మాత్రలు లేవని తిప్పి పంపితే ఆ రోజూ తేదీ రాసి మా దగ్గరికి తీసుకురండి, అందరివీ కలిపి అర్జీ పెడదాం. చింతచెట్టు కింద బల్ల మీద బీపీ మిషను పెట్టాం. ముందు అయిదు నిమిషాలు ఊరికే కూచోండి, అప్పుడు చూస్తాం. ఇప్పుడే చుట్ట కాల్చినవాళ్లు అరగంట ఆగి రావాలి. 140 మీద 90కి పైన ఉన్నవాళ్ల పేర్లు రాసుకుంటాం, మంగళవారం పొద్దున అందరం కలిసి ఆస్పత్రికి పోదాం. నడవగలిగినవాళ్లం నడిచే పోదాం, నడవలేనివాళ్లకి ఆటో మాట్లాడాం.