పదును, పూడిక

తొలకరి పడినంతనే రైతు గొర్రు కట్టడు. చేనిలోనికి పోయి, జానెడు లోతు మన్ను పెల్లగించి, పిడికిట బట్టి ముద్ద చేసి చూచును. ముద్ద నిలిచి, వ్రేలితో తట్టగానే పొడిగా విడిపోయెనా, పదునైనదని అతనికి తెలిసిపోవును. ప్రయోగశాలలోని పరీక్షయు దీనికి చాల దూరమైనది కాదు. అచ్చట మట్టిని తూచి, 105 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఒక దినము ఎండించి మరల తూతురు. తగ్గిన బరువే నీరు. రెండును నమ్మదగిన పద్ధతులే. కాని ఆ పిడికెడు మట్టి సంగతి తప్ప ప్రక్క చేని సంగతి అవి చెప్పవు. జిల్లా అంతటి తేమను పటముగా గీయవలెనన్న ఎన్ని పిడికిళ్లు కావలెనో శ్రోతలే ఊహింపగలరు.

ఈ చిక్కును ఆకాశమునుండి విప్ప బూనిరి. తడినేల వెలువరించు సూక్ష్మ తరంగములు పొడినేల తరంగములకంటె బలహీనములు. అవియు మీ ఇంటి రేడియోకు అందు తరంగముల జాతివే. పొడవున మాత్రమే భేదము. సుమారు 21 సెంటీమీటర్ల పొడవు గలవి మబ్బులను, పలుచని పైరును దాటి రాగలవు. 2009లో ఐరోపావారు పంపిన స్మాస్, 2015లో అమెరికావారు పంపిన స్మాప్ అను ఉపగ్రహములు వీనినే ఆలకించి తేమను లెక్కగట్టినవి. స్మాప్‌లోని రాడారు కొద్ది నెలలకే మూగవోయినది. మిగిలిన పరికరమునకు 36 కిలోమీటర్ల చదరమంతయు ఒక్క చుక్క. పాత తాలూకా ఒకటి అందులో ఇమిడిపోవును.

2025 జూలై 30న శ్రీహరికోటనుండి బయలుదేరిన నైసార్ ఈ కొరత తీర్చుటకు ఉద్దేశింపబడినది. భారత, అమెరికా సంస్థలు కలిసి నిర్మించిన ఈ ఉపగ్రహము తానే తరంగములను క్రిందికి పంపి, వాని ప్రతిధ్వనిని అందుకొనును. 12 దినములకొకసారి అదే త్రోవన మరల వచ్చును. దీని తేమపటమున ఒక్కొక్క గడి 200 మీటర్లు, అనగా సుమారు పదెకరములు. మన రైతులలో పెక్కుమందికి అంత భూమియే లేదు. ఐనను తాలూకానుండి పదెకరములకు దిగివచ్చుట సామాన్యము కాదు. ఒక్క మాట మరువరాదు: ఇవన్నియు చూచునది పై అయిదు సెంటీమీటర్ల మన్నునే. కందివేరు దిగు లోతును లెక్కతో ఊహింపవలసినదే.

తేమను ఎరుగుట విత్తుటకు మాత్రమే కాదు. బీటలు వారిన రేగడి మొదటి వానను గుటుక్కున మ్రింగును. అదే రేగడి తడిసి ఉబ్బిన పిదప నీటిని లోనికి రానీయదు. ఎర్రనేలపై చినుకు దెబ్బకు పైపొర పెచ్చుగట్టును. అప్పుడు నీరు పారును. నీటితో మన్నును పారును. కొంత పల్లపు గట్టు క్రింద నిలుచును, కొంత చెరువు చేరును, మిగిలినది నదిపాలు.

ఆ మన్ను ఎచ్చటనుండి ఎచ్చటికి పోయినదో తెలియుటకు విచిత్రమైన సాధన మొకటి కలదు. 1950, 60 దశకములలో అగ్రరాజ్యములు జరిపిన అణుపరీక్షల ధూళి వానలతో భూమి అంతట దిగినది. అందులోని సీసియం 137 బంకమట్టి రేణువులను గట్టిగా పట్టుకొని, అవి పోవుచోటికెల్ల పోవును. దున్నని బీటితో పోల్చి, సీసియం తగ్గినచోట మన్ను కోతపడినదనియు, హెచ్చినచోట మేట వేసినదనియు గుర్తింతురు. అంతటి కీడునుండి ఇంత మేలైనను పిండుకొనుట మంచిదే. కాని సీసియం ప్రతి 30 ఏండ్లకు సగమగును. ఈ సాక్షి చిరకాలము నిలువడు.

తుంగభద్ర జలాశయమును చూడుడు. 1953 నాటికి దాని సామర్థ్యము సుమారు 133 శతకోటి ఘనపుటడుగులు. పడవపై పోవుచు అడుగునకు ధ్వనిని పంపి, అది తిరిగివచ్చు కాలమునుబట్టి లోతు కొలుతురు. 2008లో 100.855 అనిరి, 2016లో 105.788 అనిరి. జలాశయము పెరిగినది కాదు, కొలత మారినది! ఏ లెక్క చూచినను 27కు తక్కువ కాని నష్టము. ఆ చోట నేడు నీరు లేదు, ఎగువ చేల మన్ను ఉన్నది. కర్నూలు, అనంతపురము కాలువల చివరనున్న మడికి ఆ మేరకు కోత.

చెరువు పూడికను బండ్లతో తోలి చేలకు చేర్చుట మన పెద్దలెరిగిన పనియే. తెలంగాణమున 2015లో మొదలిడిన మిషన్ కాకతీయలోను ఆ మట్టి పొలములకు పోయినది. జలాశయమునుండి అట్లు తోడిపోయుట మాటలు కాదు. కావున ఎగువననే ఆపవలెను. గట్లకు, కుంటలకు దొరకు సొమ్ము కొంచెము. ముందుగా ఏ వాలున ఖర్చు చేయవలెనో చెప్పగలుగుటయే ఈ పటముల అసలు ప్రయోజనమని మా అభిప్రాయము.

ఇటీవల అనంతపురము ప్రాంతమున ఒక వృద్ధ రైతునకు మట్టికోతను లెక్కగట్టి రంగులద్దిన పటమును చూపితిమి. వాగును, రచ్చబండను గుర్తు పట్టించుకొని, తన చేను ఎచ్చటనో తానే కనుగొనెను. అచ్చట ఎరుపు చిక్కగా నున్నది. మమ్ము వెంటబెట్టుకొని పోయి, గట్టు తెగిన మూలను చూపెను.

"ఇది మాకు తెలిసిందే సామీ" అనెను. "ఆఫీసర్లకు తెలిసేదానికి ఈ పటము కావాలనేమో. చూపించండి మరి."