కుక్క కడుపులో మక్క బెండు

(గోలేటి రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట కుక్కల గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. నవ్వండి. రాత్రిపూట మక్క చేనులో అడవి పందుల మీదికి ఉరికేది, మేకల మంద వెంట పోయేది ఆ కుక్కే.

మక్కలు ఒలిచే రోజుల్లో అది బెండు మింగుతుంది. అది పేగులో ఇరుక్కుంటే వాంతులు మొదలవుతాయి, తిండి ముట్టదు. మామూలు ఎక్స్‌రేలో మేకు, ఎముక తెల్లగా కనబడతాయి. బెండు, గుడ్డపేలిక, ప్లాస్టిక్ సంచి చాలాసార్లు కనబడవు. అక్కడ పనికొచ్చేది బేరియం. సున్నం కలిపిన నీళ్లలా ఉంటుంది. ఒంటికి పట్టదు, ఎక్స్‌రేను ఆపుతుంది. అందుకే తాగించాక అది పోయిన దారంతా ఫిల్ములో తెల్లగా పడుతుంది. కొంతసేపటికొకటి చొప్పున ఫిల్ములు తీస్తారు. మందు ఒకచోట ఆగిపోయినా, ఏదో వస్తువు చుట్టూ తిరిగి పోయినా అడ్డు ఎక్కడుందో డాక్టరుకు తెలుస్తుంది. ఒక పూట పట్టే పని. స్కానింగ్ మిషను, చూసే నేర్పు ఉన్నచోట బేరియం లేకుండానే తేలొచ్చు.

పేగుకు చిల్లు పడిందని అనుమానముంటే మాత్రం బేరియం పోయరు. అది కడుపులోకి కారితే ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు అయోడిన్ మందు వాడతారు. కాబట్టి ఎవరో చెప్పారని ఇంట్లో తాగించొద్దు. నూనె పోయడం కూడా చెడ్డ అలవాటే, వాంతి చేసుకునే జీవానికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏం మింగింది, ఎన్ని రోజులైంది అన్నది డాక్టరుకు దాచకుండా చెప్పండి.

మరి బర్రెకో? 100 లీటర్లు పట్టే పొట్టలో బేరియం ఏ మూలకు! బర్రె మింగిన మేకు, వైరు ముక్క తేనెపట్టులాంటి రెండో పొట్టలో గుచ్చుకుంటాయి. ఇనుము కాబట్టి మామూలు ఎక్స్‌రేకే దొరుకుతుంది, కాకపోతే ఆ ఒళ్లు దాటే పెద్ద మిషను కావాలి. ప్లాస్టిక్ పేరుకుంటే ఎడమ డొక్క కోసి తీయాల్సిందే.

1962కు ఫోను చేస్తే బండి వస్తుంది, సూదులకు, మందులకు అది మేలే. ఎక్స్‌రే పనికి మాత్రం కోరుట్ల, మామునూరు, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల దిక్కు చూడాలి. వాంతులు చేసుకునే కుక్కను, లేవలేని బర్రెను రెబ్బెన మండలం నుంచి అంత దూరం ఎవరు తీసుకుపోతారు?

గనుల ప్రాంతాల కోసం 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి ఉంది. గోలేటి చుట్టూ బొగ్గు తవ్వుతున్నారు, ఆ నిధిలో మన పశువులకూ వాటా ఉండాలి. ఆసిఫాబాద్ పశువైద్యశాలలో పెద్ద పశువులకు సరిపడే ఎక్స్‌రే మిషను, దాన్ని నడిపే మనిషి, బేరియం నిల్వ మూడూ ఉండాలని కలెక్టరుకు వినతిపత్రం రాశాం. సంతకాల కాగితం ఇక్కడే బల్ల మీద ఉంది.